రెండు డిస్కులుంటే చదివే వేగం రెట్టింపవుతుందా?

రెండు, మూడు డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడుకునే పద్ధతిని రెయిడ్ అంటారు. 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పరిశోధన పత్రంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. మాదీ అలాంటి ఇల్లే. తాతగారి రైల్వే కాగితాలు, పాత ఫొటోలు, పెళ్లి వీడియోలు మా లినక్స్ కంప్యూటర్లో రెయిడ్ 1 పద్ధతిలో ఉన్నాయి. అంటే రెండు డిస్కుల్లోనూ అదే సమాచారం ఉంటుంది. "నాన్నా, వేగం ఒక్క డిస్కుదే వస్తోంది, రెయిడ్ 0కి మార్చేద్దాం" అన్నాడు మా అబ్బాయి.

వేగం ఎందుకు పెరగలేదు? మన బ్రాంచిలో రెండు క్యాష్ కౌంటర్లు తెరిస్తే క్యూ త్వరగా కదులుతుంది. ఒక్క ఖాతాదారు పని మాత్రం సగం సమయంలో అయిపోదు. రెయిడ్ 1 కూడా అంతే. ఇద్దరు వేర్వేరు ఫైళ్లు చదివితే చెరో డిస్కు పనిచేస్తుంది. ఒకే పెద్ద ఫైలును లినక్స్ సాధారణంగా ఒకే హార్డ్ డిస్కు నుంచి వరుసగా చదువుతుంది. ముక్కలు పంచుకుని చదివినా పెద్దగా లాభం లేదు. వదిలేసిన ముక్క కూడా డిస్కుతోపాటు తిరిగి తల కింద నుంచి దాటిపోవాల్సిందే.

రెయిడ్ 0లో ఫైలు ముక్కలు రెండు డిస్కుల్లో విడివిడిగా ఉంటాయి. అందుకే వేగం దాదాపు రెట్టింపవుతుంది. కానీ ఒక్క డిస్కు పాడైతే మొత్తం పోతుంది. వీడియో చూడటానికి ఒక డిస్కు వేగమే చాలా ఎక్కువ. అందుకని మేం మార్చలేదు. వేగమూ, రెండో ప్రతీ రెండూ కావాలనుకునేవారికి లినక్స్‌లో రెయిడ్ 10 'ఫార్' అమరిక ఉంది. రెండు డిస్కులతోనే నడుస్తుంది. రాసే వేగం కొంత తగ్గవచ్చు.

వేగం కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకసారి చదివిన ఫైలును లినక్స్ మెమరీలో దాచుకుంటుంది. రెండోసారి కనబడే గొప్ప వేగం డిస్కుది కాదు. హెచ్‌డీపార్మ్ ఆదేశంలో చిన్న 'టి' డిస్కు వేగాన్ని, పెద్ద 'టి' మెమరీ వేగాన్ని చూపుతాయి. వేరే పనులేవీ నడవనప్పుడు మూడుసార్లు కొలవండి.

ఏ రెయిడ్ అయినా బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన ఫొటో రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. ఇంకో ప్రతి విడి డిస్కులో తీసి బీరువాలో పెట్టుకోండి.