ఆపమన్నా ఆగని టాస్కు

ప్రశ్న: పైథాన్ అసింక్‌ఐఓ మీద లైబ్రరీ రాస్తున్నాను. టాస్కు రద్దయితే వచ్చే ఎర్రర్‌నూ నా సొంత ఎర్రర్ టైపుగా మార్చి పంపొచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడ టాస్కును బయటి నుంచి బలవంతంగా ఆపే దారి లేదు. అది అవెయిట్ దగ్గర ఆగినప్పుడు క్యాన్సెల్డ్‌ఎర్రర్ విసరడమే మార్గం. పైథాన్ 3.7 దాకా ఇది ఎక్సెప్షన్ కిందే ఉండేది. ఎవరో రాసిన ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ దాన్ని మింగేస్తే టాస్కు నడుస్తూనే ఉండేది. అందుకే 2019లో 3.8 దాన్ని బేస్‌ఎక్సెప్షన్ కిందికి మార్చింది. మీరు దాన్ని మామూలు ఎర్రర్‌గా మారిస్తే పాత తంటా తిరిగొస్తుంది. ఫైనల్లీలో సాకెట్లు మూసేసి, క్యాన్సెల్డ్‌ఎర్రర్‌ను అలాగే పైకి పోనివ్వండి.

మిగతా ఎర్రర్లకు ఎక్సెప్షన్ కింద ఒక మూల క్లాసు పెట్టుకోండి. క్యూ నిండడం, కనెక్షన్ తెగడం లాంటి, వాడేవారు వేర్వేరుగా స్పందించాల్సిన వాటికే విడి టైపులు చాలు.