ఆనందరంగరాట్ఛందము: పోస్టరు రచన
పుదుచ్చేరి విద్వత్సభలో కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము'ను గూర్చి పోస్టరు నిలుపదలచిన పరిశోధకుడు మొదట చూపరులెవరో యెంచవలెను. కృతిభర్తయగు ఆనందరంగ పిళ్లె (1709–1761) ఆ పట్టణమున డూప్లేకు దుబాసి. 1736 నుండి ఆయన వ్రాసిన దినచర్య తమిళము. కావున ఆయన పేరు అచ్చట క్రొత్త గాదు. తెలుగు లక్షణగ్రంథమొకటి ఆయనకు అంకితమగుటయే చెప్పదగిన విషయము.

లక్ష్యపద్యమొకటి చాలును. పాదముల క్రింద గురులఘువులను గుర్తించినచో సంస్కృత, కన్నడ పండితులు సులభముగ గణములను పోల్చుకొందురు. తమిళ పండితునకది చాలదు. ఆ ఛందస్సునకు మూలము నేర్, నిరై అను అసైలు. ఒక పాదమునైనను రెండు విధముల విభజించి ప్రక్కప్రక్కనే చూపవలెను. కవుల పట్టికలు వ్యాసమునకు తగును గాని, నిలుచుండి చదువువానికి భారము. పద్యపాఠమును ఏ ప్రతినుండి గ్రహించినదియు అచ్చటనే పేర్కొనవలెను; పాఠాంతరమున్నచో దాచరాదు. గణము తప్పినట్లు తోచినచోట పండితుడు మొదట శంకించునది పాఠమునే.