ఆ వీడియో డిలీట్ చేయించకండి

ప్రాక్టికల్స్ మొదలయ్యాక మా లాయర్ ఆఫీసుకు ఒకే రకం కేసులు నాలుగు వచ్చాయి. ఊళ్లు వేరు, స్కూళ్లు వేరు, కథ మాత్రం ఒకటే. ఫిజికల్ ఎడ్యుకేషన్ మార్కుల కోసమని పీఈటీ సారు తన సొంత ఫోన్లో పిల్లల ఆట, పరుగు, ఫిట్‌నెస్ టెస్టు వీడియో తీస్తారు. ఎలాగో అది బయటికి పోతుంది. తల్లిదండ్రులు స్కూలుకు పరుగెత్తి, నాలుగు కేకలు వేసి, దగ్గరుండి ఆ వీడియో డిలీట్ చేయించి, పని అయిపోయిందనుకుని ఇంటికెళ్తారు. నాలుగు కుటుంబాలూ ఇదే చేశాయి. నాలుగు కేసులూ అక్కడే దెబ్బతిన్నాయి.

తాజా కేసు చెబుతాను. అమ్మాయికి పదిహేడేళ్లు, పన్నెండో తరగతి, ఖోఖో బాగా ఆడుతుంది. సీబీఎస్‌ఈలో ఈ సబ్జెక్టుకు థియరీ 70, ప్రాక్టికల్ 30 మార్కులు. ఫిట్‌నెస్ టెస్టులో సిట్ అండ్ రీచ్ అని ఒకటుంటుంది. కాళ్లు చాపి కూర్చుని, ముందుకు వంగి, వేళ్లతో ఎంత దూరం అందుకోగలరో కొలుస్తారు. ఎగ్జామినర్ ఎదుట నిలబడి చూసే పరీక్ష అది. అయినా ‘రికార్డు కోసం’ అంటూ సారు ఫోన్ తీశారు. ఆ వీడియోలోంచి కొన్ని సెకన్లు ఎవరో కత్తిరించి, స్లో మోషన్ చేసి, పిల్ల ఒంటి మీదకు జూమ్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు.

తండ్రి ప్రిన్సిపాల్ ఎదుటే సారు ఫోన్ లాక్కుని గ్యాలరీలోంచి, ట్రాష్‌లోంచి కూడా వీడియో తీసేయించారు. స్కూలు వాళ్లు లెటర్‌హెడ్ మీద క్షమాపణ రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పుడు నా టేబుల్ మీదుంది. మొత్తం మూడు వాక్యాలు. జరిగిన దానికి చింతిస్తున్నామని ఉంది. ఏం జరిగిందో లేదు. వీడియో అన్న మాట లేదు. ఎవరి ఫోనో లేదు. చివరికి తేదీ కూడా లేదు.

మూడు వారాలకు అదే క్లిప్ ఇంకో పేజీలో కనబడింది. ఈసారి స్కూలు మాట మారింది. మా సిబ్బంది ఎవరూ వీడియో తీయలేదన్నారు. సారు పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశానన్నారు. ఆ క్లిప్ ఆ ఫోన్ నుంచే పుట్టిందని చూపించే ఒకే ఒక్క ఆధారాన్ని మా క్లయింటే చెరిపించారు. నా దగ్గరికి మొదటి రోజే వచ్చి ఉంటే ఈ గతి పట్టేది కాదు. తండ్రి బాధ నాకు అర్థమవుతుంది, కానీ కోర్టు అడిగేది రుజువు.

భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. మామూలుగా వాట్సాప్‌లో వీడియో పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, వేలిముద్ర మారిపోతుంది. అందుకే ‘నా దగ్గర ఫార్వర్డ్ ఉంది సార్’ అంటే సరిపోదు. అసలు ఫైల్, అసలు ఫోన్ ముఖ్యం. మళ్లీ చెబుతున్నాను, డిలీట్ చేయించకండి.

మరేం చేయాలి? అదే రోజు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ తేదీన, ఏ టెస్టులో, ఎవరి ఫోన్‌తో తీశారో రాయండి. అసలు ఫైలును, ఫోన్‌ను పోలీసులు స్వాధీనం చేసుకునేదాకా ఉన్నవి ఉన్నట్టు భద్రపరచాలని, ఎవరికీ పంపకూడదని రాయండి. రెండో కాపీ మీద స్కూలు ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ కాగితం అందాక ఫోన్ రీసెట్ చేసినా, సాక్ష్యంగా పెట్టాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేశారని భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 241వ సెక్షన్ కింద నిలదీయవచ్చు. ఆ కాగితం లేకపోతే ఫైల్ చెరిపిన పేరు మీకే వస్తుంది.

అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. పేజీ పేరు, లింకు, చూసిన సమయం నోటు పుస్తకంలో రాసుకెళ్లండి. అలా అసభ్యంగా మార్చిన క్లిప్‌ను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. బాబాయికి వద్దు, అపార్ట్‌మెంట్ గ్రూపులో వద్దు, నాకూ వద్దు. నాలుగు కేసుల్లో ఒక తల్లి, ఎవరు చేశారో కనుక్కుందామని కాలనీ గ్రూపులో పెట్టింది. పిల్ల పేరు ఊరంతా తెలిసిపోయింది. పిల్లల లైంగిక దోపిడీ దృశ్యాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడం కూడా పోక్సో 15వ సెక్షన్ కింద నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తేల్చింది. కాబట్టి ‘చూసుకుందాంలే’ అని ఫోన్లో దాచుకుని కూర్చోవద్దు. మీ చేతికి వస్తే ఆ రోజే పోలీసులకు చూపండి. సైబర్‌క్రైమ్ జాతీయ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. 1098 పిల్లల హెల్ప్‌లైన్.

మా కేసులో స్టేషన్ ఎస్‌ఐ ఏమన్నారో తెలుసా? ‘ఒంటి మీద బట్టలున్నాయి కదండీ, కేసెలా కడతాం?’ చట్టం చదవకుండా ఆ మాట అనడం తప్పు. ఐటీ చట్టం 67బి పిల్లల్ని అశ్లీలంగానే కాదు, అసభ్యంగా చూపే ఎలక్ట్రానిక్ దృశ్యాలను తయారుచేసినా, పంచినా నేరమే అంటుంది. తొలి నేరానికే ఐదేళ్ల దాకా జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా. ‘స్కూలు మా పరిధి కాదు’ అన్న సాకూ చెల్లదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆపై మేజిస్ట్రేట్ ఉన్నారు. పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, తను కోరిన చోటో తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్లను స్టేషన్‌కు రమ్మంటే ఒప్పుకోవద్దు.

ప్రిన్సిపాళ్లకూ ఒక మాట. తమ కింద పనిచేసేవారు పోక్సో నేరం చేశారని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే, సంస్థ బాధ్యులకు ఏడాది దాకా జైలు. క్షమాపణ లెటర్ ఇచ్చి పంపించేస్తే ఆ బాధ్యత తీరదు. పీఈటీ సొంత ఫోన్‌తో పిల్లల వీడియోలు తీయడం ఈరోజే ఆపండి. తీయక తప్పకపోతే స్కూలు కెమెరాతో, తల్లిదండ్రుల సంతకంతో, ఏ పనికి తీస్తున్నారో రాసి మరీ తీయండి.

మా కేసు ఇప్పుడు మేజిస్ట్రేట్ ముందుంది. ఎక్స్‌చేంజ్‌లో పోయిన ఫోన్ కోసం వెతుకుతున్నారు. ఆ అమ్మాయి ప్రాక్టికల్స్ తర్వాత గ్రౌండ్‌లో అడుగు పెట్టలేదు. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఫోన్ లాక్కోకండి, డిలీట్ చేయించకండి. ముందు ఫిర్యాదు కాగితం మీద స్కూలు ముద్ర వేయించుకోండి. తర్వాతే మిగతా మాటలు.