రెప్ప మీద ఎర్రగడ్డ: ఆగాలా, చూపించాలా?

డాక్టర్ గారూ,
మా పాపకు మూడో నెల. పుట్టిన రెండో వారంలో ఎడమ కంటి పైరెప్ప మీద దోమ కుట్టినట్టు చిన్న ఎర్రమచ్చ కనిపించింది. ఇప్పుడది రేగుపండంత అయింది. ఏడిస్తే ఇంకా ఎర్రగా ఉబ్బుతుంది, రెప్ప సగం వాలిపోతోంది. గ్రహణం నాడు నేను బయటికి వెళ్లడం వల్లే ఇలా అయిందని మా అత్తయ్య అంటున్నారు. దానంతటదే పోతుందని ఒక డాక్టరు గారు చెప్పారు. ఎదురింటావిడ పసరు వేయించమంటోంది. ఏడాది దాకా ఆగమంటారా?
– ఒక తల్లి, తెనాలి

అమ్మా,
ఆగొద్దు. ఈ వారంలోనే పిల్లల కంటి డాక్టరుకు చూపించండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది హెమాంజియోమా అనిపిస్తోంది. రక్తనాళాల గడ్డే, క్యాన్సర్ కాదు. మొదటి నెలల్లో గబగబా పెరుగుతుంది, ఏడాది నిండాక మెల్లగా తగ్గుతుంది, నాలుగేళ్లకల్లా చాలామందిలో అణిగిపోతుంది. అందుకే డాక్టరు గారి మాటలో అబద్ధం లేదు. వీపు మీదో పొట్ట మీదో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఇది రెప్ప మీద ఉంది. చూడటం నేర్చుకునే వయసులో రెప్ప కంటికి అడ్డంపడినా, గడ్డ ఒత్తిడికి సిలిండర్ పవర్ వచ్చినా, మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. తర్వాత గడ్డ పోయినా చూపు మందగించే ఉండిపోవచ్చు.

మంచి మందుంది: ప్రొప్రనొలాల్. ఫ్రాన్సులోని బోర్డోలో ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న ఒక పసివాడికి స్టెరాయిడ్ల వల్ల గుండె జబ్బు వస్తే, దానికోసం ఈ మందు ఇచ్చారు. మర్నాటికే గడ్డ ఎరుపు తగ్గి మెత్తబడింది. 2008లో ఆ సంగతి ప్రచురించారు, అప్పటినుంచి వైద్యమే మారిపోయింది. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయిస్తారు, సాధారణంగా కొన్ని నెలలు వాడాలి. ఒక్క సంగతి మాత్రం మరవొద్దు: పాలు పట్టకుండా ఈ మందు వేయకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. పాప పాలు తాగకపోయినా, వాంతులు చేసుకున్నా, పిల్లికూతలు వచ్చినా ఆ పూట మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

పసరు జోలికి వెళ్లొద్దు. ఆ చర్మం పలచన, పుండు పడితే రక్తం కారుతుంది, పైగా కంటి పక్కన.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ, అంతే. మీ తప్పేమీ లేదు. అత్తయ్యగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ మాట డాక్టరు నోటే వింటారు.

వెళ్లేముందు పాపను స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడండి. ఇలాంటి మచ్చలు అయిదు, అంతకు మించి ఉంటే కాలేయానికి స్కానింగ్ చేయించాలి. ఫోన్‌లో ఉన్న పాత ఫొటోలు కూడా చూపించండి. గడ్డ ఎంత వేగంగా పెరిగిందో వాటిలో తెలిసిపోతుంది.