ప్రశ్నలు - జవాబులు: పీఎల్‌సీ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఈఈఈలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ప్రాజెక్టు ఉంటుందో పోతుందో తెలియడం లేదు. పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) నేర్చుకుని ఆటోమేషన్‌లోకి వెళ్దామని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల్లో ఐదు కంపెనీల పీఎల్‌సీలు, స్కాడా, డ్రైవ్‌లు అన్నీ నేర్పి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేరమంటారా? వయసు దాటిపోయిందా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వయసు దాటిపోలేదు. ఆ గ్యారంటీని మాత్రం నమ్మకండి. మూడు నెలల్లో ఐదు సాఫ్ట్‌వేర్లు తిప్పి చూపిస్తే మెనూలు గుర్తుంటాయి గానీ మెషిన్ నడపడం రాదు. ఏదో ఒకటి పట్టుకోండి. పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే భాషలకు 1993లోనే ఐఈసీ 61131-3 ప్రమాణం వచ్చింది. సీమెన్స్‌లో నేర్చుకున్న లాజిక్ మిత్సుబిషీలోనూ పనికొస్తుంది, పేర్లూ అడ్రసులూ మారతాయంతే.

అసలు కిటుకు వేరేచోట ఉంది. మోటార్ స్టార్ట్-స్టాప్ తీసుకోండి. స్టార్ట్ నొక్కితే తిరగాలి, వేలు తీసినా తిరుగుతూనే ఉండాలి, స్టాప్ నొక్కితే ఆగాలి. లాడర్ భాషలో ఒక్క మెట్టు పని. అయితే స్టాప్ బటన్‌ను ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్ట్‌తో వైరింగ్ చేస్తారు. అంటే నొక్కనంతసేపూ 24 వోల్టులు ఇన్‌పుట్‌కు అందుతూనే ఉంటాయి. కాబట్టి ప్రోగ్రాంలో దానికి ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) గుర్తు వేయాలి. బటన్ ఎన్‌సీయే కదా అని లాడర్‌లోనూ ఎన్‌సీ వేసిన కొత్తవాళ్లు, స్టార్ట్ ఎంత నొక్కినా మోటార్ ఎందుకు కదలడం లేదా అని తల పట్టుకుంటారు.

ఈ తిరకాసు ఎందుకంటే, ఎలుక వైరు కొరికినా, టెర్మినల్ స్క్రూ వదులైనా ఆ 24 వోల్టులు పోయి మోటార్ దానంతటదే ఆగిపోతుంది. అదే ఎన్‌ఓతో వైరింగ్ చేసి ఉంటే, వైరు తెగిన సంగతి ఎవరి చెయ్యో ఇరుక్కుని స్టాప్ నొక్కినప్పుడు గానీ బయటపడదు. సెన్సర్ సిగ్నల్ 4-20 మిల్లీయాంపులు కావడంలోనూ ఇదే ఆలోచన ఉంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 వస్తుంది, సున్నా వచ్చిందంటే లైనే పోయిందన్నమాట. ఇక ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలు పీఎల్‌సీ ప్రోగ్రాం మీద వదిలేయరు. సేఫ్టీ రిలే ద్వారా నేరుగా కాంటాక్టర్‌కు కరెంటు తీసేస్తారు.

'ఇది చెడిపోతే ఏమవుతుంది?' అని అడగడం టెస్టర్‌కు ఎలాగూ అలవాటే. అందుకే మీరు ఫార్మా వైపు చూడాలని నా సలహా. అమెరికాకు మందులు పంపే ప్లాంట్లలో కంప్యూటర్ రికార్డులకు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. మెషిన్ చెప్పినట్టు నడుస్తోందని పరీక్షించి, కాగితం మీద రుజువు చూపాలి. టెస్ట్ కేసులు రాసిన అనుభవం అక్కడ వృథా కాదు. హైదరాబాద్ చుట్టుపక్కలా, అటు పరవాడలోనూ అలాంటి ప్లాంట్లు ఉన్నాయి.

ఇప్పటి ఉద్యోగం అప్పుడే వదలకండి. కోడెసిస్ ఉచితంగా దొరుకుతుంది, సిమ్యులేషన్ అందులోనే ఉంది. చేయి కుదిరాక ఒక సెకండ్‌హ్యాండ్ చిన్న పీఎల్‌సీ, 24 వోల్టుల ఎస్ఎంపీఎస్, రెండు పుష్ బటన్లు, ఒక రిలే, ఒక ప్రాక్సిమిటీ సెన్సర్, మల్టీమీటర్ కొనుక్కోండి. 230 వోల్టుల వైపు కనెక్షన్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే ఇప్పించండి.

ఇంట్లో వాళ్లకూ ముందే చెప్పండి. మొదట్లో జీతం తగ్గొచ్చు. కమిషనింగ్ పనులు చాలాసార్లు షట్‌డౌన్‌లో పడతాయి, ఆ షట్‌డౌన్లేమో పండగ సెలవుల్లోనే పెడుతుంటారు. సంక్రాంతికి ఊళ్లో ఉండి తీరాలనుకునేవాళ్లకు ఈ పని కష్టమే.

ప్రశ్న: నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. బాటిలింగ్ లైన్‌లో మెయింటెనెన్స్ చేస్తాను. ఇంగ్లీషు అంతంతమాత్రం. పీఎల్‌సీ నాకు వస్తుందా అండీ?
- ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: భేషుగ్గా వస్తుంది. 1968లో జనరల్ మోటార్స్ వాళ్లు రిలే ప్యానెళ్లకు బదులు వేరే ఏదైనా కావాలని అడిగితే డిక్ మోర్లీ బృందం తయారుచేసిందే మోడికాన్ 084 అనే పీఎల్‌సీ. రిలే డ్రాయింగ్ చదవగలిగిన ఎలక్ట్రీషియన్‌కు లాడర్ కొత్తగా అనిపించదు, ఆ డ్రాయింగ్ రూపమే లాడర్.

రేపు డ్యూటీలో, లైన్ ఆగి ఉన్నప్పుడు, సూపర్‌వైజర్‌కు చెప్పి ఒక పని చేయండి. ప్రాక్సిమిటీ సెన్సర్ ముందు ఇనుప ముక్క పెట్టి, పీఎల్‌సీ మీద చిన్న లైట్లు గమనించండి. సెన్సర్ లైటు వెలిగి ఇన్‌పుట్ లైటు వెలగలేదంటే ముందు మధ్యలో వైరు చూడండి. ఔట్‌పుట్ లైటు వెలిగినా కాంటాక్టర్ పట్టలేదంటే రిలే, కాయిల్ చూడండి. ల్యాప్‌టాప్ లేకుండానే చాలా బ్రేక్‌డౌన్‌లు ఇలా దొరికిపోతాయి.

తర్వాత ఇంజనీరుగారు ల్యాప్‌టాప్ తగిలించినప్పుడు పక్కన నిలబడి, ఆ లైటుకు స్క్రీన్ మీద ఏ గీత రంగు మారుతోందో చూడండి. అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడగండి. అయితే నడుస్తున్న లైన్‌లో ఔట్‌పుట్ 'ఫోర్స్' చేయమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి. ఫోర్స్ చేసిన ఔట్‌పుట్ ప్రోగ్రాంలోని ఇంటర్‌లాక్‌ను లెక్కచేయదు, గార్డు తెరిచి ఉన్నా సిలిండర్ కొట్టేయవచ్చు.