ఋతువులును గాలిలోని ధూళియు

గాలిలో ఎల్లప్పుడును సూక్ష్మకణములు తేలుచుండును. నేలనుండి లేచిన మన్ను, సముద్రపు తుంపరలనుండి పుట్టిన ఉప్పు, పొయ్యి పొగలోని మసి, బొగ్గు మండునపుడు వెలువడు గంధక వాయువు వలన ఏర్పడు సల్ఫేటు కణములు ఇట్టివి. వీనిని శాస్త్రజ్ఞులు ఏరోసాల్‌లు అందురు. వీనిలో 2.5 మైక్రానులకు మించని కణములు మిక్కిలి అపాయకరములు. ఇవి తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు మాత్రమే యుండును. ముక్కు వీనిని ఆపజాలదు. ఇవి ఊపిరితిత్తుల లోతుల వరకు చేరి, ఉబ్బసము, గుండెజబ్బు, పక్షవాతము మొదలగు వ్యాధులకు కారణమగుచున్నవి.

ఏ ఋతువున ఏ ధూళి?

ఈ ధూళి సంవత్సరము పొడవునను ఒక్క తీరున నుండదు. ఇందుకు గంగా మైదానము మంచి నిదర్శనము. మార్చి మొదలు జూను వరకు పడమటి గాలులు థార్ ఎడారినుండియు, అంతకంటె దూరపు ఎడారులనుండియు ఇసుక ధూళిని తెచ్చును. నైరృతి ఋతుపవనములు ప్రవేశించిన పిమ్మట వానలు ఆకాశమును చాలవరకు కడిగివేయును. అక్టోబరు, నవంబరు మాసములలో పంజాబు, హర్యానా రాష్ట్రములయందు వరి కొయ్యకాళ్లు కాల్చిన పొగ వ్యాపించును. తరువాత చలికాలమున కట్టెలు, పిడకలు, చెత్త, ఇటుకబట్టీలు, వాహనములు, విద్యుత్కేంద్రములు వెలువరించు పొగ ప్రధానమగును.

ఆకాశపు లెక్క వేరు, ఊపిరి లెక్క వేరు

ఉపగ్రహములు పైనుండి చూచినపుడు, ఈ మైదానముపై మొత్తము ధూళి వానలకు ముందటి వేసవిలోనే హెచ్చుగా కానవచ్చును. అయినను నేలకు సమీపమున, మానవులు పీల్చు గాలిలో, సూక్ష్మకణములు అత్యధికముగా నుండునది చలికాలమున.

దీనికి కారణము తెలిసికొనుట సులభము. వేసవి మధ్యాహ్నమున నేల కాగి, గాలి కొన్ని కిలోమీటర్ల ఎత్తు వరకు పైకి లేచును. దానితో పొగయు పైకెగసి పలుచబడును. చలికాలపు రాత్రులలో చల్లని గాలి నేలనంటి కూర్చుండును. దానిపైనున్న వెచ్చని పొర మూతవలె పనిచేయును. గుప్పెడు ఉప్పును గంగాళము నీటిలో కలిపినచో రుచి తెలియకపోవచ్చును. చెంబెడు నీటిలో కలిపినచో నోట పెట్టుకొనజాలము. పొగ విషయమును అట్టిదే. కాబట్టి ఆకాశమును చూచి మాత్రమే గాలి మంచిచెడ్డలను నిర్ణయింపరాదు.

గణిత నమూనాలు

ఈ మార్పులను లెక్కకట్టుటకు శాస్త్రజ్ఞులు గణిత నమూనాలను నిర్మించుచున్నారు. వాయుమండలమును అరలు అరలుగా విభజించి, ప్రతి అరలోనికి ఎంత ధూళి వచ్చెను, గాలితో ఎంత పోయెను, ఎంత నేలకు దిగెను, వానతో ఎంత కొట్టుకొనిపోయెను అని కంప్యూటరు సాయమున గణింతురు. ఆ ఫలితములను కొలతలతో సరిపోల్తురు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆధ్వర్యమున సూర్యకాంతి ధూళివలన ఎంత మందగించుచున్నదో కొలుచు కేంద్రములు దేశమునందు పెక్కు గలవు. అనంతపురము, విశాఖపట్టణము వానిలోనివి. ఇంటి పొయ్యిల పొగ, వీధిలో కాల్చు చెత్త సరిగా లెక్కకు రాకున్నచో, నమూనా చలికాలపు కాలుష్యమును తక్కువగా చూపును.

శీతోష్ణస్థితిపై ప్రభావము

సల్ఫేటు కణములు ఎండను తిరిగి పైకి పంపి భూమిని చల్లబరచును. మసి ఎండను పీల్చుకొని గాలిని వేడెక్కించును. రెండును నేలకు చేరు వెలుతురును తగ్గించును. 1991లో ఫిలిప్పీన్సు దేశమున పినటూబో అగ్నిపర్వతము ప్రేలగా, అది చిమ్మిన గంధక వాయువువలన మరుసటి సంవత్సరము భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గెను. 1999లో జరిగిన హిందూమహాసముద్ర పరిశోధనలో, దక్షిణాసియా నుండి చలికాలమున వెలువడు గోధుమరంగు మబ్బు సముద్రముపై విస్తరించుట వెల్లడియైనది. నేల చాలినంత కాగనిచో, నేలకును సముద్రమునకును గల ఉష్ణభేదము తగ్గి ఋతుపవనములు బలహీనపడును. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున మన ఋతుపవన వర్షము తగ్గుటకు మానవకృతమైన ఏరోసాల్‌లు ప్రధాన కారణమని 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము నిర్ణయించినది.

ధూళి చల్లదనము నిచ్చుచున్నది గదా, ఉండనిండు అనుట తగదు. ధూళి కొలది దినములలోనో వారములలోనో రాలిపోవును. భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువు శతాబ్దములు నిలుచును. తాత్కాలికమైన ఆ నీడకు మూల్యముగా పసిపిల్లల ఊపిరిని చెల్లింపరాదు. పొగను, ఆ వాయువును రెండింటిని కలిపి తగ్గించుటయే సరియైన మార్గము.

ప్రజలు పాటింపవలసినవి

చలికాలమున తెల్లవారుజామున నడకకు పోక, ఎండ వచ్చి పొగమంచు విడిన పిమ్మట పోవలెను. 2015 నుండి ప్రకటింపబడుచున్న వాయు నాణ్యతా సూచిక 200 దాటిన దినములలో పిల్లలు, వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసరోగులు ఆరుబయట శ్రమపడరాదు. సామాన్యపు గుడ్డ సూక్ష్మకణములను ఆపజాలదు. తప్పనిసరియైనచో ఎన్-95 మాస్కు చక్కగా బిగించి ధరింపవలెను. వంటకు వీలైనంతవరకు గ్యాసు వాడవలెను. కట్టెల పొయ్యియే గతియైనచో, పొగ బయటికి పోవు మార్గముండవలెను. ఎండుటాకులను, చెత్తను కాల్చరాదు. ఒక ఇంటి పొగ చలికాలమున ఆ ఇంటితో ఆగదు. ఆ వీధివారందరును దానిని పంచుకొందురు.