తుంగభద్ర ఎడమ కాలువ: నీళ్ళ తగాదా

1953లో తుంగభద్ర కాలువలకు నీళ్ళు వదిలారు. నేటి కర్ణాటకలోని ఎడమ కాలువను ముఖ్యంగా జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకే ఉద్దేశించారు. కొద్ది నీళ్ళు ఎక్కువ ఎకరాలకు అందాలన్నది లెక్క. అయితే కోస్తా జిల్లాల నుంచి మన రైతులు గంగావతి, సింధనూరు వైపు వెళ్ళి, భూములు కొని, చదును చేసి, మళ్ళు కట్టి వరి వేశారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు'లనే అంటారు.

బీడు బాగుచేశామని కొత్తవాళ్ళంటారు. మా వాటా నీళ్ళు మీ మళ్ళలోనే ఆగిపోతున్నాయని రాయచూరు వైపు కాలువ చివరి రైతులంటారు. పంటకాలానికి జొన్నకు సుమారు 500 మిల్లీమీటర్ల నీరు చాలు, వరికి 1200 దాకా పడుతుంది. అంటే ఎకరం వరి నీళ్ళతో రెండెకరాల జొన్న పండుతుందన్నమాట! కాబట్టి చివరివాళ్ళ మాటే నాకు న్యాయంగా తోస్తుంది. అలాగని దీన్ని తెలుగు-కన్నడ తగాదా అనుకోవడం సరికాదు. లాభం చూసి పాత రైతులూ వరికే మారారు గదా.

ఇంకో చిక్కుంది. మళ్ళలో నీరు నిలిచేకొద్దీ భూగర్భజలం పైకి లేస్తుంది. వత్తిలో నూనె ఎగబాకినట్లు మట్టి సందుల్లోంచి పైకి వచ్చి ఆవిరైపోతుంది, లవణాలు మాత్రం మిగులుతాయి. మా ఇళ్ళల్లో చౌడు పట్టడం అనేది దీన్నే. పల్లపు పొలాలకు ముందు పడుతుంది. మురుగు కాలువ తవ్వి లవణాల్ని కడిగితే గాని అక్కడ వరి కూడా సరిగ్గా రాదు.